చీమకుర్తి సెంటర్లో మన చోటేది?

"బండ పడ్డాక చీమకుర్తి దశ తిరిగింది" అంటారు. తిరిగింది, కాదనం. ఎవరి దశ అని అడిగితే మాత్రం మనల్ని అభివృద్ధికి అడ్డం అంటారు. అడ్డంగా నిలబడేంత చోటు ఆ సెంటర్లో మనకెప్పుడిచ్చారు?

ఒంగోలు నుంచి పొదిలి పోయే దారిలో ఉన్న ఈ ఊరికి అసలు బతుకు మెట్టపైర్లు, గొడ్లు. తర్వాత రామతీర్థం చుట్టుపక్కల నేల తవ్వితే నల్లరాయి పడింది. నలుపులో పసిడి చుక్కలు మెరుస్తాయి కాబట్టి గెలాక్సీ అన్నారు. ఆ చుక్కలు బంగారం కావు, బ్రాంజైట్ అనే ఖనిజం. మాస్టార్లూ, ఈ ముక్క పిల్లలకు చెప్పండి.  ఆ రాయి చైనాకు, ఇటలీకి ఓడలెక్కింది. ఇక్కడ సెంటర్లో ఎరువుల కొట్ల పక్కన బేరింగుల షాపులు, టైర్ల షాపులు, లాడ్జీలు, బ్యాంకులు లేచాయి. ఒడిశా, బీహారు, రాజస్థాన్ కూలీల కోసం హిందీ బోర్డులూ వచ్చాయి. వాళ్లమీద మాకు కోపం లేదు. గోతిలో బండ జారితే ముందు పోయేది వాళ్లే.

మా అమ్మలు చెరువు చేపలు గంపకెత్తుకొచ్చి రోడ్డు పక్క చెట్టు నీడన అమ్మేవాళ్లు. పక్కనే ఎరుకల అక్కలు చేటలు, బుట్టలు పరిచేవాళ్లు. రోడ్డు వెడల్పయింది, చెట్టు పోయింది. గంప దించితే "లారీలకు అడ్డం, లే" అన్నారు. అమ్మలు లేచారు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

మన మగవాళ్లకు పని దొరకలేదా అంటే దొరికింది. కాపలా! "యానాదోడు నమ్మకస్తుడు" అని మెచ్చుకుని రేకుల పాకలో పెడతారు. అడ్వాన్సు ఇస్తారు. అది తీరేదాకా కదలకూడదు. ఈ మెప్పుకోలు వింటే మాకు ఒళ్లు మండుతుంది. అదే నోటితో, ఎక్కడన్నా డీజిలు పోతే ముందు ఎరుకల ఇళ్లే వెతకమంటారు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయిందని వాళ్లకింకా కబురందలేదు కాబోలు.

కొండ మీది మన అన్నదమ్ములకు 1/70 చట్టం ఉంది, 1997 నాటి సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గని లీజు కుదరదు. మనం మైదానం వాళ్లం, మన ఊళ్లు ఆ గీత బయట ఉన్నాయి. గీత అవతల ఎస్టీ ఎస్టీయే, ఇవతల వట్టి కూలీనా? మనకున్నదల్లా అసైన్డు భూమి చేతులు మారకూడదన్న 1977 చట్టం. చెరువు కట్ట మీద పట్టా లేని గుడిసెకు అదీ లేదు.

కుర్రాళ్లు కొందరు "టిప్పరు తోలితే నెల జీతం వస్తోందిగా, ఇంకేం కావాలి" అంటున్నారు. తోలు తమ్ముడూ, వద్దనడంలేదు. కానీ నీ టిప్పరు పోసిన రాళ్లగుట్ట ఎవరి పొలం పక్కన పెరుగుతోందో, ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందో కూడా చూడు. తీసిన రాయిలో ఎక్కువ భాగం ఆ గుట్టల్లోకే పోతుంది. సిలికోసిస్ వచ్చాక డ్రైవరనీ కూలీ అనీ తేడా ఉండదు.

జిల్లా ఖనిజ నిధి అని ఒకటుంది. 2015లో గనుల చట్టం సవరించి పెట్టారు. గని వల్ల నష్టపోయిన ఊళ్లకు ఖర్చు పెట్టాల్సిన డబ్బది. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి అవసరాలకే పోవాలని ఆ ఏటి మార్గదర్శకాల్లో రాశారు. నష్టపోయిన కుటుంబాలను గుర్తించేటప్పుడు గ్రామసభ ప్రతినిధులను సంప్రదించాలి. మన గూడెంలో ఎన్ని ఇళ్లు ఆ లెక్కలో ఉన్నాయి? రామతీర్థం రిజర్వాయరు నీళ్లు ఒంగోలు దాకా పోతుంటే గూడెం ఆడవాళ్లు బిందెలతో ఎంత దూరం నడుస్తున్నారు? వచ్చే గ్రామసభలో ఈ రెండూ కాగితం మీద రాసి అడుగుదాం. రాయడానికి మాస్టార్లు కూర్చోండి, సంతకాలకు మేం ఇల్లిల్లూ తిరుగుతాం. మూడోది కూడా రాయండి: సెంటర్లో చేపల గంప దించుకోను ఆరడుగుల నీడ.