లక్కీ డిప్ పుస్తకం, ఉగ్గాని స్టాలు

పోయినేడు దసరా సెలవులు అయిపోయిన వారంలోనే మా చిన్నది బడి నుంచి వచ్చీ రాగానే సంచీ ఓ మూల పడేసి, "అమ్మా, ఇరవై టికెట్లు. శుక్రవారం లోపల అమ్మేయాలంట" అంటూ లక్కీ డిప్ పుస్తకం నా చేతిలో పెట్టింది. టికెట్టు ఇరవై రూపాయలు. మొదటి బహుమతి మిక్సీ, రెండోది కుక్కరు. ఎక్కువ పుస్తకాలు అమ్మిన పిల్లకి స్టేజీ మీద వేరే బహుమతి.

సిస్టర్లు నడిపే కాన్వెంటు కదా, క్రిస్మస్‌కి ముందు ఏటా ఫన్ ఫేర్ పెడతారు. వచ్చిన డబ్బు పిల్లల ఎక్స్‌కర్షన్‌కీ, లైబ్రరీకీ, సైన్స్ ఎగ్జిబిషన్‌కీ ఖర్చు పెడతారు. మంచి పనే. నేనూ నడుం కట్టాను. మా ఆయన ఆఫీసులో పది, మా తోడికోడలికి నాలుగు, పాలాయనకి ఒకటి, పక్కింటి పిన్నిగారికి రెండు అంటగట్టాను. రెండు రోజుల్లో పుస్తకం ఖాళీ. మా చిన్నది ఇంకో పుస్తకం తెచ్చుకుంది. అదీ అమ్మాం. అప్పుడు నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

మా వీధి చివరింట్లో ఒక చెల్లెలు ఉంది. జాకెట్లు కుడుతుంది. వాళ్ళ పాప, మా చిన్నది ఒకటే క్లాసు. వాళ్ళాయన పల్లెలో చెనిక్కాయ పంట చూసుకుంటూ, వారానికోసారి టౌనుకి వచ్చిపోతుంటాడు. గురువారం నాడు జాకెట్టు తెచ్చుకుందామని వెళితే పాప ఇంట్లోనే ఉంది. "మూడు రోజులుగా కడుపునొప్పి అంటోందక్కా, బడికి పోవడం లేదు" అంది ఆ చెల్లెలు. మాట్లాడుతూనే గుడ్డల మూట విప్పింది. అందులోంచి లక్కీ డిప్ పుస్తకం కిందపడింది. ఒక్క టికెట్టు కూడా చిరగలేదు. పాప మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"ఎవరికి అమ్మాలక్కా? మా వీధిలో అందరికీ మీ పాప అమ్మేసింది. పల్లెలో అడుగుదామంటే ఈ తూరి చెనిక్కాయ పెట్టుబడే రాలేదు. మేమే కొందామంటే నాలుగు వందలు" అంది ఆ చెల్లెలు. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. జాకెట్టు తీసుకుని ఇంటికొచ్చాను గానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మన అనంతపురం సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి, ఇటు వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరంలో కురిసి ఇక్కడికి చేరేసరికి అయిపోతుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన మనదేనని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ఇలాంటి చోట ఒకే క్లాసులో జీతం వచ్చే ఇంటి పిల్లా, వానను నమ్ముకున్న ఇంటి పిల్లా పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చి "అమ్ముకు రండి" అంటే, అది పిల్ల తెలివికి పెట్టే పరీక్ష కాదు. ఇంట్లో డబ్బుందా లేదా అని అందరి ముందూ అడిగినట్టే.

శుక్రవారం నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి సిస్టర్ దగ్గరికి వెళ్ళాం. భయపడుతూనే వెళ్ళాం. పిల్లల మీద కోపం పెట్టుకుంటారేమోనని ప్రతి తల్లికీ ఉండే భయమే అది. సిస్టర్ అంతా విని, "మరి డబ్బు ఎలా వస్తుంది? ఎక్స్‌కర్షన్ మానేద్దామా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా దగ్గర వెంటనే జవాబు లేదు.

జవాబు నాకు ఇంటికొచ్చాక, పాత డబ్బాలు కడుగుతుంటే తట్టింది. మన జిల్లాలో ఆర్.డి.టి. పేరు తెలియని ఇల్లు ఉండదు. విన్సెంట్ ఫెర్రర్ గారు స్పెయిన్‌లో పుట్టి, 1952లో జెసూట్ సభ తరఫున మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర రైతులతో పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1969లో మళ్ళీ వచ్చి అనంతపురంలో కాలుపెట్టారు. తర్వాత ఫాదరీ జీవితం వదిలి, అన్నే గారిని పెళ్ళి చేసుకుని, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు. సభలోంచి బయటికి వచ్చినా మన పల్లెల్లో ఇప్పటికీ "ఫాదర్" అనే అంటారు.

వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. స్పెయిన్‌లో ఒక మామూలు కుటుంబం నెలనెలా కొంత డబ్బు పంపి ఇక్కడ ఒక పాప పేరు మీద సాయం చేస్తుంది. పాప వాళ్ళకి ఉత్తరం రాస్తుంది, బొమ్మ గీసి పంపుతుంది. అయితే ఆ డబ్బు పాప చేతికో, వాళ్ళ నాన్న చేతికో ఇవ్వరు. ఊరి బడికి, ఇళ్ళకి, వైద్యానికి, నీళ్ళకి పోతుంది. పేరున్న పాపా, పేరులేని పాపా ఒకే బడిలో కూర్చుంటారు. "నీకు సాయం వచ్చింది, నీకు రాలేదు" అని ఎవరూ వేలెత్తి చూపించే పని లేదు.

ఇంకోటి హుండీలు. సాయం అందుకున్న పల్లెల్లోనే ఇంటింటికీ చిన్న హుండీ ఇచ్చి, రోజుకో రూపాయి వేయమన్నారు. ఆ డబ్బు తల్లిదండ్రులు లేని పిల్లల్లాంటి వారికి ఖర్చవుతుంది. కూలికి పోయే ఆడమనిషి సాయంత్రం వచ్చి పసుపు కుంకుమల డబ్బా పక్కనున్న హుండీలో రూపాయి వేస్తుంది. ఎంత వేసిందో ఎవరూ అడగరు. రూపాయి వేసిన మనిషి ఇక అడుక్కునేదాని కింద లెక్క కాదు, ఇచ్చేదాని కింద లెక్క. 2025లో విదేశాల నుంచి విరాళాలు తీసుకునే అనుమతి దగ్గర ఆ సంస్థకు చిక్కు వచ్చినప్పుడు జిల్లాలో జనం ర్యాలీలు తీశారు. ఆ సంస్థ మాది అనుకున్నారు కాబట్టే అన్ని మంది వచ్చారని నాకు అనిపించింది.

సోమవారం మళ్ళీ సిస్టర్ దగ్గరికి వెళ్ళి చెప్పాం. లక్కీ డిప్ పుస్తకాలు వెనక్కి తీసుకోండి. ఇంటికొక మూత డబ్బా పెట్టుకుంటాం, పిల్లలు చిల్లర వేస్తారు, డబ్బా మీద పేరు రాయం. ఫన్ ఫేర్ నాడు తినుబండారాల స్టాలు తల్లులం నడుపుతాం. డబ్బు ఇవ్వలేనివాళ్ళు చేతిపని ఇస్తారు. అమ్మిన పిల్లకి బహుమతి వద్దు.

సిస్టర్ ఒప్పుకున్నారు. పైగా ఆమే ఇంకో మాట చెప్పారు. ఎక్స్‌కర్షన్‌కి తలకి 350 రూపాయలు అని చీటీ పంపకుండా, అందరికీ ఒకే రకం కవర్ ఇస్తాం, చేతనైనంత పెట్టి అంటించి పెట్టెలో వేయమందాం, పేరు అక్కర్లేదు అన్నారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఊరి పిల్లలందరి ఖర్చూ నేనెందుకు పెట్టాలి?" అని రాశాడు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎవరి డబ్బు వాళ్ళకి కష్టార్జితమే. కానీ ఆయన కూతురు కూడా సగం ఖాళీగా ఉన్న బస్సులోనే కదా పోవాలి!

అసలు కరువు సీమలో ఎక్స్‌కర్షన్లూ, ఆటలూ అవసరమా అని అడిగేవాళ్ళున్నారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. 2010లో అనంతపురంలో ఆర్.డి.టి. స్పోర్ట్స్ విలేజీలో నాదల్ టెన్నిస్ స్కూలు మొదలైనప్పుడు, "తాగే నీళ్ళకి గతిలేదు, టెన్నిసంట!" అని నవ్వాను. టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ స్వయంగా వచ్చాడు. ఆ ఫౌండేషన్ పెట్టినప్పుడు దానికి అధ్యక్షురాలు వాళ్ళమ్మేనట. అక్కడ పల్లె పిల్లలకి టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు. పల్లెటూరి ఆడపిల్ల బూట్లేసుకుని రాకెట్ పట్టుకుని రోడ్డు వెంట పోతుంటే చూశాక నా నవ్వు నాకే వెగటనిపించింది. అన్నం ముందు, ఆట తర్వాత అని పెద్దవాళ్ళం అనుకుంటాం గానీ, పిల్లల వయసు మన వానల కోసం ఆగదు కదా.

ఇక స్టాలు సంగతి. మీ ఊళ్ళో బడికి ఇలాంటిది పెడితే పనికొస్తుందని చెబుతున్నాను. ఎక్కువ రకాలు పెట్టుకోవద్దు. మేం మూడే పెట్టాం: ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, చెనిక్కాయ చిక్కీ. మొదట ఓళిగలు కూడా అనుకున్నాం గానీ వాటికి చేతులు చాలవు.

ఉగ్గాని ముందే కలిపి పెట్టారో, గంటలో ముద్దయిపోతుంది. బొరుగులు నీళ్ళలో వేసి వెంటనే పిండి పక్కన పెట్టుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేసి పోపు ఇంటి దగ్గరే చేసి గిన్నెలో తెచ్చుకోండి. పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి పొడి వేరే డబ్బాలో. గిరాకీ వచ్చినకొద్దీ పది ప్లేట్లకి సరిపడా మాత్రమే కలపండి. చివర్లో నిమ్మకాయ.

చిక్కీకి కిలో చెనిక్కాయ పప్పుకి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. పప్పు సన్నసెగ మీద వేయించి పొట్టు తీసి బద్దలు చేసుకోవాలి. పాకం చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక పళ్ళెంలో పడేస్తే టంగుమని మోగాలి. మోగకముందే దించారా, చిక్కీ పళ్ళకి అంటుకుంటుంది, పిల్లలు రెండోసారి రారు. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, వేడిగా ఉండగానే గాట్లు పెట్టేయండి. చల్లారాక కోద్దామంటే సుత్తి తేవాల్సిందే.

మా వీధి చివరి చెల్లెలు డబ్బు ఇవ్వలేదు, పని ఇచ్చింది. మిగిలిన గుడ్డముక్కలతో స్టాలుకి తోరణాలు కుట్టింది. బజ్జీల బాండలి దగ్గర పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిలబడింది. వాళ్ళ పాప, మా చిన్నది గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. ఫోన్‌పే అట్ట పెట్టినా పిల్లలు చిల్లరే తెచ్చారు.

లెక్క ఇదీ. స్టాళ్ళ మీద వచ్చింది 18,640 రూపాయలు. డబ్బాలు పగలగొడితే 11,275. మొత్తం 29,915. సరుకులకీ, గ్యాసుకీ, కాగితం ప్లేట్లకీ ఖర్చు 8,420. మిగిలింది 21,495. పుస్తకాలు అమ్మిన ఏళ్ళలో దీనికంటే ఎక్కువే వచ్చేదని సిస్టరే చెప్పారు, దాచడం దేనికి. 112 మంది పిల్లల ఎక్స్‌కర్షన్‌కి 39,200 కావాలి. కవర్లలో 22,350 వచ్చింది. తక్కువపడ్డ 16,850 ఇందులోంచి తీశాం. ఇంకా మిగిలిన 4,645కి లైబ్రరీకి తెలుగు కథల పుస్తకాలు కొన్నారు. సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఏమీ మిగల్లేదు. అట్టపెట్టెలూ, ఖాళీ సీసాలూ ఇళ్ళ నుంచే తెచ్చుకున్నారు పిల్లలు.

ఎక్స్‌కర్షన్ లేపాక్షికి. సిస్టర్లు పిల్లల్ని గుడికి తీసుకెళ్ళడమేమిటని ఒకామె ఆశ్చర్యపోయింది. "విజయనగరం కాలపు గుడి, మన పక్కనే ఉంది. చరిత్ర పుస్తకంలో బొమ్మ చూస్తే చాలుతుందా?" అన్నారు సిస్టర్. 2022లో జిల్లా విడదీశాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మనకి ఎప్పుడూ మనదే. పిల్లలు పెద్ద నందిని చూశారు, పైకప్పు మీది రంగుల బొమ్మలు మెడలు నొప్పిపుట్టేదాకా చూశారు. వేలాడే స్తంభం కింద నుంచి చున్నీ దూర్చి అవతలికి లాగారు. ఆ చున్నీ వీధి చివరి పాపదేనట. దుమ్ము కొట్టుకుపోయింది, ఉతకనివ్వడం లేదని వాళ్ళమ్మ ఫిర్యాదు.

లెక్క కాగితం బడి నోటీసు బోర్డు మీద అంటించాం. రెండో రోజు ఆ చెల్లెలు నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నువ్వు ఇంటి నుంచి తెచ్చిన మిరపకాయలు, నూనె ఖర్చులో రాయలేదు" అంది. పోనీలే, ఎంతలే అన్నాను. "అట్ల కాదక్కా. నేను కుట్టిన తోరణాలకి దారం ఖర్చు నలభై రూపాయలు రాసినారు. నీది కూడా రాయాల" అని, పెన్ను నా చేతికిచ్చి బోర్డు దాకా నడిపించింది.