కాలువ చివరి చేలకు విదేశీ పాఠం

వ్యవసాయ విద్యార్థులను విదేశాలకు పంపడం విలాసమనేవారు చరిత్రను మరచినవారే. 1964లో హైదరాబాదులో వెలసిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ చేయూతతో నిలదొక్కుకున్నది. నేడు అది ఎవరి పేరు ధరించినదో ఆ ఆచార్య రంగా సైతం నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డు వెళ్లి చదివినవారు. ఇటీవలి కాలంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి, ప్రపంచబ్యాంకు చెరిసగం భరించిన 16.5 కోట్ల డాలర్ల జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు కింద పలు విశ్వవిద్యాలయాల విద్యార్థులు విదేశీ శిక్షణ పొందారు. దాని గడువు తీరింది. ఇక ఖర్చు ఎవరు భరించాలన్నది రాష్ట్రాల ముందున్న ప్రశ్న.

పుదుచ్చేరికి ఆ ప్రశ్న మరింత కఠినమైనది. దానికి సొంత వ్యవసాయ విశ్వవిద్యాలయం లేదు. ప్రభుత్వ వ్యవసాయ కళాశాల కారైకాల్‌లో ఉన్నది. సచివాలయం, లెఫ్టినెంట్ గవర్నరు నివాసం పుదుచ్చేరి పట్టణంలో ఉన్నవి. నడుమ సుమారు నూటముప్పై కిలోమీటర్ల తమిళనాడు. గౌతమీ తీరాన ఉన్న తెలుగువారి యానాం సంగతి చెప్పనే అక్కరలేదు. కేంద్రపాలిత ప్రాంతంలో దస్త్రం నడక ఎట్లుంటుందో 2023 జనవరిలో ఢిల్లీ చూపింది. ఉపాధ్యాయులను ఫిన్లాండుకు పంపే ప్రతిపాదన లెఫ్టినెంట్ గవర్నరుకూ ప్రభుత్వానికీ నడుమ నలిగిపోయింది. ఖర్చుకు తగిన ఫలమేమిటని అడగడం తప్పు కాదు. మంత్రుల విదేశీయానాలకూ అదే కొలత వర్తింపజేస్తే ఇంకా శోభించేది.

ఫలం కావాలంటే గమ్యాన్ని ఎంచవలసినది నేలను బట్టి. కారైకాల్ కావేరి చిట్టచివరి ఆయకట్టు. పుదుచ్చేరి వాటాగా ట్రైబ్యునల్ 2007లో నిర్ణయించిన 7 టీఎంసీలను సుప్రీంకోర్టు 2018లో మార్చలేదు. ఆ కొద్ది నీటికోసం ఎగువవారి దయకై ఎదురుచూసే చేలు అవి, పక్కనే సముద్రం. 2004 సునామీ తెచ్చిన ఉప్పును ఆ రైతులు మరువలేదు. యానాం కూడా డెల్టా కొసనే ఉన్నది. ఇట్టి నేలల విద్యార్థికి యూరపు రాజధానుల్లో అద్దాల ప్రయోగశాలలు చూపి, బృంద ఛాయాచిత్రంతో తిప్పి పంపితే ఏమి ప్రయోజనం?

ఫ్రాన్సు దక్షిణాన రోన్ నది సముద్రంలో కలిసే చోట కామార్గ్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ వరి పండించడమే ఉప్పును అదుపు చేసే ఉపాయం. మళ్లలో మంచినీరు నిలిపి లవణాన్ని కిందికి దింపుతారు. వరి వెనుకడుగు వేసిన చోట ఉప్పు పైకి వస్తుంది. ఫ్రెంచి వీథుల పేర్లను, ఫ్రెంచి కాన్సులేటును, 1955 నాటి ఫ్రెంచి పరిశోధన సంస్థను పదిలపరచుకున్న పుదుచ్చేరి, ఆ బంధాన్ని పర్యాటకుల కొరకు వాడుకున్నంతగా పొలం కొరకు వాడుకోలేదు.

ఎంపిక మార్కులతోనే ముగిస్తే పట్టణపు పిల్లలే విమానమెక్కుతారు. కారైకాల్, యానాం రైతు కుటుంబాల వారికి కొన్ని స్థానాలు విడిగా ఉంచాలి. పాస్‌పోర్టు, వీసా ఖర్చులు ముందే ప్రభుత్వం చెల్లించాలి, తర్వాత తిరిగిస్తామనడం పేదవాడిని రావద్దనడమే. తిరిగివచ్చినవారు ఒక పంటకాలం కృషి విజ్ఞాన కేంద్రంలో రైతుల మధ్య పనిచేయాలి. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్8 వరి గోదావరి జిల్లాల్లో పేరు తెచ్చుకున్నది నివేదికలతో కాదు, 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పొలంలో పండి చూపినందువల్ల.

ప్రయాణ తేదీలు మాత్రం ఆర్థిక సంవత్సరాంతపు హడావుడికి వదలరాదు. కామార్గ్‌లో విత్తేది ఏప్రిల్, మే నెలల్లో. కోసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఫిబ్రవరిలో వెళ్లినవారికి కనిపించేవి వరి కొయ్యకాళ్లు.