మంచం పక్కన మనిషిని ఏ లెక్కలో రాస్తారు?

సభ్యత్వ నమోదుకు ఊళ్లు తిరిగేటప్పుడు మాకు తరచూ ఎదురయ్యే ఇల్లు ఒకటుంది. ఊరు మారినా ఇల్లు మాత్రం అదే. వసారాలో మంచం, దాని మీద పక్షవాతంతో ఓ పక్క చెయ్యీ కాలూ పడిపోయిన రైతు. పక్కనే బకెట్, గోడకు తగిలించిన మందుల సంచి. పొలం ఆయన పేరనే ఉంటుంది, ఎవరో కౌలుకు చేస్తుంటారు. సభ్యత్వ రశీదు కూడా ఆయన పేరనే రాస్తాం. ఆయన్ను పక్కకు ఒత్తిగిలజేసి, ఒళ్లు తుడిచి, అన్నం కలిపి పెట్టి, మధ్యలో మాకు మంచినీళ్లు తెచ్చిచ్చిన ఆడమనిషి పేరు మా రశీదులో ఉండదు. ప్రభుత్వ రికార్డులో అసలే ఉండదు.

ఈ నెల ఆమె గురించి మాట్లాడదలిచాం.

ముందు డబ్బు లెక్క. ఆయన మంచాన పడకముందు ఆమె సొంత చేలో పని చేసేది, తీరిక దొరికిన రోజు కూలికి పోయేది. రోజుకు 400 చొప్పున నెలలో ఇరవై రోజులనుకున్నా 8,000 రూపాయలు. ఇప్పుడా కూలి లేదు. పైగా తను చేసే కలుపు పనికీ కోతకూ మనుషుల్ని పెట్టాలి. మేత కోసేవాళ్లు లేక గేదెను అమ్ముకున్న ఇళ్లు మాకు తెలుసు. మంచాన పడింది ఒకరు, సంపాదన ఆగింది ఇద్దరిది. ప్రభుత్వాలు మాత్రం ఒకరి లెక్కే వేస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000, డయాలసిస్ మీదున్నవారికి 10,000. తెలంగాణలో ఆసరా కింద వికలాంగుల పింఛనును 2023లో 4,016 చేశారు. ఇవి పోరాడి తెచ్చుకున్నవే, తక్కువ చేసి మాట్లాడం. కానీ ఈ డబ్బు రోగిది. మందులకు, ఆస్పత్రికి పోయే ఆటోకు, డైపర్లకు సరిపోతే గొప్ప. ఉద్దానంలో చూడండి. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, సంతోషం. అయినా డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలు, పోను రాను ప్రయాణం అదనం. వెంట ఇంకొకరు ఉండాల్సిందే. ఆ ఇంకొకరికి ఆ రోజు జీడితోటలో పని పోయినట్టే.

చట్టం లేదా అంటే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. జీతం లేకుండా చూసుకునే తల్లిదండ్రుల్నీ కుటుంబ సభ్యుల్నీ కూడా అది సంరక్షకులుగానే గుర్తించింది. ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం ఉండాలని 24వ సెక్షన్ చెబుతోంది. అయితే అదే సెక్షన్‌లో ‘ఆర్థిక స్థోమత మేరకు’ అన్న మాట కూడా ఉంది. ప్రభుత్వాలకు ఆ ఒక్క మాటే కనిపిస్తోంది. సదరం పత్రం తీసి చూడండి. వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. ఆ మనిషికి రోజుకు ఎన్ని గంటలు ఎవరి సాయం కావాలో ఉండదు.

మన రైతుల పథకాలకే వద్దాం. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. మంచి పథకం, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ అదే రైతు చనిపోకుండా పక్షవాతంతో పదేళ్లు మంచాన ఉంటే పైసా రాదు. బ్యాంకులో 20 రూపాయలు కట్టే సురక్ష బీమాలో శాశ్వత వైకల్యానికి 2 లక్షలున్నాయి గానీ అది ప్రమాదమైతేనే. మోటారు దగ్గర కరెంటు షాక్ కొడితే ప్రమాదం, నరం చిట్లితే జబ్బు. మంచం పక్కన ఆమెకు రెండింటికీ తేడా ఏముంటుంది?

సంరక్షకులను ప్రభుత్వం బొత్తిగా పట్టించుకోలేదని కూడా అనలేం. పాత ఆదాయపు పన్ను చట్టం 80డీడీ సెక్షన్ చూడండి. తన మీద ఆధారపడ్డ వికలాంగుణ్ని పోషించే వారికి 75,000, వైకల్యం తీవ్రమైతే 1,25,000 దాకా మినహాయింపు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి బిడ్డల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది, వికలాంగ బిడ్డ అయితే వయసు పరిమితి కూడా తీసేశారు. న్యాయమే. మరి పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకు, సెలవు పెట్టడానికి ఉద్యోగం లేనివాళ్లకు ఏముంది?

కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం ఉంది. మంచాన పడినవారిని చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు. చాలా తక్కువ, అదీ బకాయిలు పడుతోంది. అయినా అది రోగి పింఛనుకు వేరుగా, చూసుకునే మనిషికి ఇచ్చేది. ఆ ఒక్క సూత్రం మనకు కావాలి. బ్రిటన్‌లో 1976లోనే ఇలాంటి భత్యం పెట్టారు. పెళ్లైన ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు, వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారన్నారు. ఒక గృహిణి కోర్టుకెక్కాక 1986లో గానీ ఆ ఆంక్ష పోలేదు. అక్కడ ఇప్పటికీ ఒక తిరకాసుంది. సంపాదన పరిమితి కాస్త దాటితే భత్యం మొత్తం పోతుంది. మన దగ్గర వారానికి రెండు రోజులు కూలికి పోయినందుకు కోత పెట్టే పథకం మాకొద్దు.

మన సంఘంలోనే కొందరు అడుగుతున్నారు, కట్టుకున్నవాడికి సేవ చేస్తే డబ్బులేంటని. ప్రేమకు ఎవరూ కూలి అడగడం లేదు, పోయిన కూలిని అడుగుతున్నాం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడానికి 15-59 ఏళ్ల ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే వచ్చిన సంఖ్యలివి. చేసే మగవాళ్లే తక్కువ. సేవను పవిత్రమనేది ఎక్కువగా ఎవరో చెప్పనక్కర్లేదు.

రెండు ప్రభుత్వాలనూ మేం అడిగేది ఇది. సంరక్షకుల భత్యం రోగి పింఛనుతో కలపకుండా, చూసుకునే మనిషి ఖాతాలోనే నెలనెలా వేయాలి. భూమి పట్టా అడగకూడదు. కౌలు రైతు భార్యకూ, కూలి తల్లికీ, కొడుక్కైనా కోడలికైనా వర్తించాలి. రైతు బీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి. సదరం క్యాంపులోనే సాయం అవసరాన్నీ అంచనా వేయాలి. రోగి చనిపోయిన నెలే ఆపేయకుండా, ఆమె మళ్లీ పనిలో కుదురుకునేదాకా కొన్ని నెలలు కొనసాగించాలి.

గ్రామ శాఖలకు ఒక పని. ఈసారి రశీదు పుస్తకంతో పాటు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. మంచాన పడినవారి పేరు పక్కన చూసుకునే మనిషి పేరు, వయసు, ఎన్నేళ్లుగా చూస్తున్నారు, నెలకు ఎన్ని పనిదినాలు పోతున్నాయి రాయండి. ఆమెనే అడిగి రాయండి. ఆ జాబితాలతో ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలిద్దాం. శాఖా సమావేశానికి ఆమె రాలేదు కాబట్టి, ఒక సమావేశం ఆ వసారాలోనే పెట్టుకోండి.