అడ్డసరం కొమ్మ అడిగి తెచ్చుకోండి

దగ్గు మొదలైన తరువాత అడ్డసరం ఆకు కోసం ఊరంతా వెదకడం మన ఇళ్లలో పరిపాటి అయింది. దొరకకపోతే చూర్ణం పొట్లం కొని తెచ్చి, మంచిదేనా చూడండని నా ముందు పెడతారు. పొడి అయిపోయిన తరువాత అది ఏ ఆకో కంటితో చూసి చెప్పడం నా వంటివానికి కూడా కష్టమే. పామర్రు పరిసర గ్రామాలలో దడులు పోయి ప్రహరీగోడలు లేచినప్పుడు, వాటితోపాటే అడ్డసరమూ వావిలీ పోయాయి. గోడ కట్టుకోవద్దని నేననను. గోడ పక్కన మూరెడు చోటు వదలమంటాను.

ఆ చోట అడ్డసరాన్ని కొమ్మతోనే పెంచడం మేలని నా అభిప్రాయం. కొమ్మ నుండి వచ్చినది తల్లిమొక్కకు మారురూపమే కనుక, తెలిసినవారి పెరటిలో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న పొద నుండి తెచ్చుకుంటే ఆకు విషయంలో సందేహం ఉండదు. అయినా పూత చూసి తెచ్చుకోండి. కంకులుగా వచ్చే తెల్లని పూలు నోరు తెరిచినట్లుంటాయి. సింహాస్యమనే సంస్కృత నామం అందువల్లనే.

తొలకరి పడిన తరువాత, మరీ లేతది గాని మరీ ముదురుది గాని కాని కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేటట్లు కోయాలి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన పడాలి. పైన రెండాకులు సగానికి కత్తిరించి ఉంచి, తక్కినవి తీసివేయాలి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: మన నల్లరేగడిలో నేరుగా గుచ్చుతారు, వానలకు నీరు నిలిచి మొదలు కుళ్లుతుంది. సగానికి సగం ఇసుక కలిపిన మట్టిని, అడుగున చిల్లులున్న పాలిథిన్ సంచిలో నింపి, రెండు కణుపులు లోపలికి దిగేటట్లు నాటి, నీడపట్టున ఉంచండి. చిగురు కనబడగానే వేరు పట్టిందనుకోరాదు. కొమ్మలో నిలువ ఉన్న సత్తువతోనే తొలి చిగుళ్లు వస్తాయి. నెలన్నర, రెండు నెలలు కదపకుండా ఓపిక పట్టాలి. బోరునీరు ఉప్పగా ఉండే దివిసీమ గ్రామాలవారు వాననీరు గాని కాలువనీరు గాని పోయడం మంచిది.

నాటుకున్న తరువాత మేకల బెడద లేదు. మేక ముట్టదనే అర్థంగల తమిళ నామాన్నే లిన్నేయస్ 1753లో దీని శాస్త్రీయ నామంలో చేర్చాడు.

ఆకును ఆవిరిపై మెత్తబరచి పిండిన రసం రెండు చెంచాలు, తేనెతో, పెద్దవారి కఫపు దగ్గుకు చాలు. ఆధునిక వైద్యులు వ్రాసే బ్రోమ్‌హెక్సిన్ సైతం ఈ ఆకులోని వాసిసిన్ ఆధారంగా రూపొందినదే. అదే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కనుక గర్భిణులకు ఈ రసం ఇవ్వరాదు. రక్తపిత్తానికి వాసా గొప్ప మందని మన గ్రంథాలు చెప్పిన మాట నిజమే. ఆ మాట పట్టుకుని, కఫంలో నెత్తురు పడుతున్నా, దగ్గు రెండు వారాలు దాటినా ఇంట్లో ఆకు నూరుతూ కూర్చునేవారితో నాకు పేచీ. క్షయ కాదని తేలేవరకు పెరటి వైద్యానికి అక్కడ చోటు లేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో కఫ పరీక్ష ఉచితం.

పొదను ఏటా ఒకసారి కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుంది. కోసిన కొమ్మలను పారవేయక, తడి గుడ్డలో చుట్టి ఇరుగుపొరుగు ఇళ్లకు ఇవ్వండి.