అదే ప్రశ్న మళ్లీ అడగాలి

యుద్ధంలో సామాన్యులు చనిపోయినప్పుడు ప్రభుత్వ ప్రతినిధి నోట వచ్చే మొదటి మాటను నేను నమ్మను. అంతర్జాతీయ వార్తల డెస్కులో కూర్చుని ఏళ్ల తరబడి ఆ మాటలనే తెలుగులో రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

కాబూల్ సంగతే చూడండి. 2021 ఆగస్టు 29న ఓ ఇంటి ఆవరణలోకి వచ్చిన తెల్ల టొయోటా కారు మీద అమెరికా డ్రోన్ క్షిపణి వేసింది. కారులో పేలుడు పదార్థాలున్నాయని, విమానాశ్రయానికి ముప్పు తప్పించామని సైన్యం ప్రకటించింది. మూడు రోజుల ముందే అదే విమానాశ్రయం దగ్గర ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, వందకు పైగా అఫ్గాన్లు చనిపోయారు. అందుకే సైన్యం ప్రకటనను నమ్మడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు. సెప్టెంబరు 1న అప్పటి త్రివిధ దళాల సంయుక్త అధిపతి జనరల్ మార్క్ మిల్లీ అది ధర్మబద్ధమైన దాడేనని విలేకరులతో అన్నారు.

అంతటితో ఊరుకోకుండా న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఆ కారు నడిపిన మనిషి ఆ రోజంతా ఎక్కడెక్కడ తిరిగాడో వెతికారు. అతను ఒక అమెరికన్ సహాయ సంస్థ ఉద్యోగి. ఆఫీసులో నీళ్ల డబ్బాలు నింపుకుంటూ సీసీ కెమెరాకు చిక్కాడు. కారులో పేలుడు పదార్థాలుంటే జరగాల్సిన రెండో పేలుడు గుర్తులేవీ ఇంటి దగ్గర లేవు. సెప్టెంబరు 10న ఆ కథనం వచ్చింది. 17న అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. చనిపోయిన 10 మందీ పౌరులే, వారిలో ఏడుగురు పిల్లలు. ఎవరినీ శిక్షించబోమని ఆ డిసెంబరులో పెంటగాన్ తేల్చేసింది.

ఇలాంటి పట్టుదల విలేకరుల సమావేశంలోనూ కావాలి. అమెరికా విదేశాంగ శాఖ బ్రీఫింగులను వీలైనప్పుడల్లా వీడియోలో చూస్తుంటాను. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ విలేకరి మాట్ లీ, అల్ ఖుద్స్ పత్రిక ప్రతినిధి సయీద్ అరికాత్ పాలస్తీనీయుల మరణాల గురించి విసుగు లేకుండా అడిగేవారు. దర్యాప్తు జరుగుతోంది, ఇజ్రాయెల్‌నే అడగండి అన్న తరహా జవాబు వచ్చేది. దర్యాప్తు ఎప్పటికి ముగుస్తుందని, నివేదిక మీ చేతికి వచ్చిందా అని తిరిగి అడగాల్సింది సరిగ్గా అప్పుడే. శాఖ ప్రతినిధి మాత్రం చెయ్యెత్తిన మరో విలేకరి వైపు చూస్తారు. ఆ విలేకరి చైనా గురించో సుంకాల గురించో అడుగుతారు. మొదటి ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. నన్నడిగితే, వంతు వచ్చినవారు తమ ప్రశ్న పక్కనపెట్టి ముందువారి ప్రశ్ననే అందుకోవాలి. పోటీ పత్రిక విలేకరి అడిగినదైనా సరే.

వేదిక మీది వాళ్లు దుర్మార్గులని నేననడం లేదు. 2023 నుంచి 2025 జనవరి దాకా విదేశాంగ శాఖ ప్రతినిధిగా అక్కడ నిలబడిన మాథ్యూ మిల్లర్, పదవి వదిలాక, ఇజ్రాయెల్ యుద్ధ నేరాలకు పాల్పడిందనడంలో సందేహం లేదని స్కై న్యూస్‌తో అన్నారు. వేదిక మీద ఉన్నప్పుడు తన అభిప్రాయం కాదు, ప్రభుత్వ వైఖరే చెప్పాలని వివరించారు. కాబట్టి వారి మనస్సాక్షి కోసం ఎదురుచూస్తే లాభం లేదు. నిజం రాబట్టే భారమంతా అడిగేవారిదే.

అలా అడిగేవారికి ఏం జరుగుతుందో కూడా చూశాం. 2025 జనవరి 16న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ చివరి విలేకరుల సమావేశం నుంచి శామ్ హుస్సేనీ అనే స్వతంత్ర విలేకరిని భద్రతా సిబ్బంది ఎత్తుకుని బయటికి మోసుకుపోయారు. గాజా గురించి అడుగుతూ మంత్రి మాటకు అడ్డుపడ్డారన్నది ఆయన మీద ఫిర్యాదు. గాజాలో పోయిన ప్రాణాల కంటే సభామర్యాద పెద్దదని నేననుకోను.

మన సంగతికొస్తే, తెలుగు పత్రికల్లో యుద్ధ వార్తలు ఎక్కువగా ఏజెన్సీల నుంచే వస్తాయి. వాషింగ్టన్‌లో కూర్చుని అడిగే అవకాశం మనకు లేదు. శీర్షిక పెట్టే అధికారం మాత్రం మనదే. ‘ఉగ్ర స్థావరంపై దాడి, 30 మంది హతం’ అని పెట్టేస్తే, చనిపోయినవారు ఉగ్రవాదులని తీర్పిచ్చేసినట్టే. ఆ మాట సైన్యం అన్నదైతే సైన్యం అన్నదని శీర్షికలోనే ఉండాలి. ప్రతినిధి జవాబు వేసిన చోటే జవాబు దొరకని ప్రశ్ననూ వేయాలి. మొదటి ప్రకటన మొదటి పేజీలో వస్తే, అది అబద్ధమని తేలిన వార్తా మొదటి పేజీలోనే రావాలి. లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌గా కనిపిస్తే, పాఠకులారా, సంపాదకుడికి ఉత్తరం రాయండి.