సాక్ష్యం చెప్పాక కూడా మాత్ర వేసుకోవాలి



కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పడం మన సంఘాలలో ఉన్న మంచి అలవాటు. కుట్లు మానాయి, అన్నం సహిస్తోంది, కుటుంబమంతా కలిసి కృతజ్ఞతార్పణ చెల్లిస్తారు. చిక్కు ఆ తరువాత వస్తోంది. "దేవుడు బాగు చేశాడని అందరి ముందు చెప్పి, ఇంటికెళ్లి మళ్లీ క్యాన్సర్ బిళ్ల మింగితే నన్నేమనుకుంటారు డాక్టరుగారూ?" అని మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను అడిగారు. అప్పటికే నాలుగు నెలలుగా మందు మానేశారు. ఈ ప్రశ్న మనసులో ఉండి పైకి అడగనివారు ఇంకా ఉన్నారు కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకు వచ్చినది జిస్ట్ అనే రకం గడ్డ. మామూలుగా మనం కడుపు క్యాన్సర్ అనేది జీర్ణాశయం లోపలి పొరలో పుడుతుంది. జిస్ట్ గోడ మధ్యలో, పేగుల కదలికను నడిపించే కణాల తరగతి నుంచి పుడుతుంది. సగానికి పైగా జీర్ణాశయంలోనే కనబడతాయి. మామూలు కడుపు క్యాన్సరుకు ఇచ్చే కీమో మందులు దీని మీద దాదాపు పని చేయవు. దీనికిచ్చే మాత్ర దానికి పని చేయదు. కాబట్టి ఒకరి మందుచీటీ చూసి మరొకరు పోల్చుకోవద్దు.

సర్జన్ కంటికి కనిపించిన గడ్డనంతా తీస్తారు. కంటికి, స్కానింగుకు అందని కణాలు కాలేయంలోనో, పొట్ట లోపలి పొర మీదనో మిగిలిపోవచ్చు. ఈ గడ్డల్లో చాలావాటిలో కిట్ అనే జన్యువు చెడి, ఆపకుండా వేసి ఉంచిన స్విచ్చులా కణాలను పెంచుతూ ఉంటుందని 1998లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఇమాటినిబ్ మాత్ర ఆ స్విచ్చును నొక్కి పట్టి ఉంచుతుంది. నొక్కి పట్టడమే దాని పని, కణాలన్నిటినీ చంపేస్తుందన్న హామీ లేదు. ఒంట్లో బాగుందని మానేయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఎంతకాలం వాడాలి? మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 400 మందిని ఉత్తర ఐరోపా దేశాల వైద్యులు రెండు భాగాలు చేసి, కొందరికి ఒక ఏడాది, మిగిలినవారికి మూడేళ్లు ఈ మాత్ర ఇచ్చారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అయిదేళ్ల నాటికి గడ్డ తిరిగి రానివారు ఏడాది వాడినవారిలో నూటికి 48 మంది, మూడేళ్లు వాడినవారిలో 66 మంది. బ్రతికి ఉన్నవారు 82 మంది, 92 మంది. నూటికి పదిమంది ప్రాణాలు తేడా! ఇది సర్జన్ చేతి నైపుణ్యం వల్ల వచ్చిన తేడా కాదు, ఇంట్లో అన్నం తిన్నాక రోజూ వేసుకున్న మాత్ర వల్ల వచ్చినది.

అయితే జిస్ట్ వచ్చిన ప్రతివారికీ ఈ మందు అవసరం ఉండదు. గడ్డ చిన్నదై, కణాలు నెమ్మదిగా విభజన చెందుతుంటే ఆపరేషనే చాలు. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, కణాల విభజన లెక్క ఎంత, ఎక్కడ పుట్టింది, ఆపరేషనుకు ముందుగానీ అప్పుడుగానీ పగిలిందా అన్న నాలుగు సంగతులను బట్టి నిర్ణయిస్తారు. జన్యు పరీక్ష కూడా ముఖ్యం, ఎందుకంటే కొన్ని జన్యు మార్పులకు ఈ మాత్ర పని చేయదు. ఇవన్నీ బయాప్సీ రిపోర్టులో ఉంటాయి. దయచేసి ఆ కాగితాన్ని పోగొట్టుకోకండి. ఆపరేషన్ ఫొటోలు ఫోనులో దాచుకుని రిపోర్టు పారేసుకున్నవారిని చూశాను!

ఇక విశ్వాసం సంగతి. 2 రాజులు 20వ అధ్యాయం తెరవండి. హిజ్కియాకు స్వస్థత వాగ్దానం, పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం ముందే వచ్చాయి. ఆ తరువాతే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం పొందాక మందు ఎందుకని రాజు అడగలేదు. సాక్ష్యం చెప్పిన మనిషిని "ఇంకా బిళ్లలు వాడుతున్నావా?" అని గుచ్చి అడిగే సహోదరులు ఈ అధ్యాయం మరోసారి చదవాలని నా మనవి.

డబ్బు భయం నిజమే, కానీ ఒకప్పటంత లేదు. హైదరాబాదులోని నాట్కో ఫార్మా 2003లో ఈ మందును మన దేశంలో తక్కువ ధరకు తెచ్చింది. దాని స్థాపకులు నన్నపనేని వెంకయ్య చౌదరిగారు మన ఉమ్మడి గుంటూరు జిల్లా వారే. తరువాత పేటెంటు కోసం పెద్ద వ్యాజ్యం నడిచి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీ కోరికను తోసిపుచ్చింది. ఆ రోజుల్లో విదేశీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు, మన మందు 8,000 నుంచి 10,000. (నోవార్టిస్ వారు కూడా చాలామంది పేదలకు ఉచితంగా ఇచ్చారు, ఆ మాట దాచడం న్యాయం కాదు.) ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో, గుంటూరు పెద్దాసుపత్రి క్యాన్సర్ విభాగంలో, జనౌషధి దుకాణంలో అడిగి చూడకుండా మా వల్ల కాదని అనుకోవద్దు. అప్పటికీ తక్కువ పడితే స్త్రీల సమాజం వారు కోతపండుగ కానుకలో ఒక భాగం దీనికి తీయవచ్చు.

మాత్రను భోజనంతో, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. కళ్ల చుట్టూ వాపు, వికారం, పిక్కలు పట్టేయడం, విరేచనాలు కొందరికి వస్తాయి. వాటికి ఉపాయాలున్నాయి, మాకు చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి. టీబీ మందు రిఫాంపిసిన్, మూర్ఛలకు వాడే ఫెనిటోయిన్ ఈ మాత్ర బలాన్ని బాగా తగ్గిస్తాయి. అవి వాడుతుంటే తప్పక చెప్పాలి. నాటుమందులు వాడుతున్నా దాచవద్దు. పిల్లలను కనే వయసు స్త్రీలు ఈ మందు వాడే కాలంలో గర్భం రాకుండా చూసుకోవాలి.

మూడేళ్లు పూర్తయ్యాక స్కానింగులు మానేయడం మరో పొరపాటు. మందు ఆపిన తరువాతి ఒకటి రెండేళ్లలోనే గడ్డ తిరిగి రావడం ఎక్కువ. కాలేయం సంగతి ఎండోస్కోపీలో తెలియదు, సీటీ స్కాన్ కావాలి. బాగానే ఉన్నాను కదా అని వాయిదా వేస్తే చిన్నగా ఉన్నప్పుడు పట్టుకునే అవకాశం పోతుంది.

ఆ పెద్దాయన మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు పెట్టెను బైబిలు పక్కనే ఉంచుకుంటున్నానని చెప్పారు. తరువాతి స్కానింగు మార్చిలో పడింది. మిరప కోతల్లో ఎలా వస్తానని అప్పుడే సణుగుతున్నారు. కొడుకును పొలంలో ఉంచి కోడలిని వెంటబెట్టుకుని రమ్మన్నాను.