రోమకూపములపై దండయాత్ర

బావి త్రవ్వించినవాని పేరు మూడు తరములు నిలుచును; బావి పూడ్చినవానిని మెట్టసీమలో ఎవరును క్షమింపరు. నల్లగొండ, పాలమూరు మండలముల చల్క నేలలలో రాతిని పగులగొట్టి నీటిచెలమ కొఱకు వెదకిన తాతముత్తాతల కష్టమును మన చదువరులకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. అట్టి సీమకు నేడు బావులను పూడ్చెదము, రూకలిండని ఒక వర్తకసమూహము బయలుదేరి వచ్చినది. వారు పూడ్చెదమనునవి మన బిడ్డల ముఖములలోని బావులు. వెండ్రుక మొదట నుండు సన్నని రంధ్రమునకు రోమకూపమని పేరు. కూపమనగా బావియే గదా! ఆ బావినుండి ఊరు చమురే చర్మమును ఎండిపోకుండ కాపాడుచున్నది. పుట్టుకతో వచ్చిన దీనిని దోషమని నమ్మించి, ఆ దోషమును మాపెదమని ధనము గుంజు వ్యాపారమును గూర్చియే నేటి మా మాట.

నల్లగొండ గడియారస్తంభము కడనైనను, మహబూబునగరము గడియారస్తంభము కడనైనను ఒక గడియ నిలిచి నాలుగు దిక్కులు చూడుడు. ముఖలేపనముల ప్రకటన కంటబడక మానదు. కళాశాల బాలిక మొదలు పెండ్లికి సిద్ధమగు పడుచువాని వఱకు "ఓపెన్ పోర్స్" అను రెండు ఇంగ్లీషు ముక్కలు రోగనామమువలె పలుకుచున్నారు. మన అమ్మమ్మలు ఈ రోగము పేరైనను వినలేదు. వారి ముఖములపై రోమకూపములు లేవా? ఉన్నవి. మాఱినది చర్మము కాదు, అద్దము. వెనుకటి అద్దము మూరెడు దూరమునుండి ముఖమును చూపెడిది. నేటి చేతిఫోను జానెడు దూరమునుండి ముక్కుమీది ప్రతి చుక్కను పెద్దది చేసి చూపును. మఱుక్షణమున అదే ఫోను ఫిల్టరను మాయతెఱ వేసి, రంధ్రమన్నది లేని మైనపుబొమ్మ ముఖమును చూపి, నీవు కావలసిన రూపమిదియని ఊరించును. ఆ వెనుకనే లేపనపు ప్రకటనను తెచ్చి నిలుపును. రోగమును చూపునదియు, ఆశను పుట్టించునదియు, మందు నమ్మునదియు ఒక్క యంత్రమే! సంతలో మందులమ్మువానికి ఇంతటి సౌకర్యము ఎన్నడైనను దొరకెనా?

ఇక శాస్త్రము చెప్పు మాట వినుడు. ముఖముపై కంటికి కనబడు ఈ రంధ్రములు వెండ్రుక కుదురును, చమురుగ్రంథియు కలిసి బయటికి తెఱచుకొను ద్వారములు. చెమట వెడలు రంధ్రములు వేఱు. అవి వట్టి కంటికి కనబడనంత సన్ననివి. చమురుగ్రంథులు అరచేతను, అరికాలను లేవు. ముక్కు, నుదురు, బుగ్గలు, గడ్డములయందు మిక్కిలి దట్టముగా నున్నవి. అందుచేతనే అచ్చట రంధ్రములు స్పష్టముగా కనబడును. చమురు అధికముగా ఊరుట, వయస్సు చేతను ఎండ చేతను చర్మపు బిగువు సడలుట, తల్లిదండ్రులనుండి సంక్రమించిన చర్మగుణము, ఇవి వాని పరిమాణమునకు ముఖ్యకారణములు. ఆవిరి పట్టిన తెఱచుకొనుననియు, మంచుగడ్డ రుద్దిన మూసికొనుననియు చెప్పు మాట వట్టిది. ఆ ద్వారమును తెఱచి మూయు కండరము లేదు. ఆవిరివలన లోని జిడ్డు మెత్తబడును, చల్లదనమువలన చర్మము కొంతసేపు బిగిసినట్లు తోచును, అంతే. నూఱు రూపాయల డబ్బియైనను, వేల రూపాయల సీసాయైనను రోమకూపమును శాశ్వతముగా మూయజాలదు. మూసినను మేలు లేదు. నోరు పూడిన కూపములో జిడ్డు నిలిచియే గదా మొటిమ పుట్టుచున్నది!

అట్లని చేయదగినదేదియు లేదని మేమనుట లేదు. రంధ్రములు కంటికి తక్కువగా కనబడునట్లు చేయు ఉపాయములు కలవు. అవి సామాన్యములు, ఓర్పుతో చేయవలసినవి. దినమునకు రెండుమాఱులు మెత్తని ఫేస్‌వాషుతో ముఖము కడుగుకొనవలెను, గట్టిగా తోమరాదు. రాత్రి నిద్రకు ముందు పూసిన రంగులన్నియు తొలగింపవలెను. సాలిసిలిక్ ఆమ్లము చమురులో కరగును గనుక కూపములోనికి చొచ్చి, అచ్చట పేరుకొన్న మృతచర్మమును వదలించును. నయాసినమైడు అనబడు బి-3 విటమిను చమురూటను కొంత తగ్గించును. రెటినాయిడులు వారములకొలది వాడినమీదట రంధ్రమున పేరుకొను పెచ్చును తగ్గించి, చర్మపు బిగువును కొంత పెంచును. అయితే గర్భిణులు వానిని వాడరాదు; తక్కినవారును వైద్యు నడుగకుండ మొదలుపెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యము ఎండనుండి కాపు. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మపు బిగువును సడలించును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన మండలములలో, కూలికి పోవు తల్లి తలనిండ తువ్వాలు చుట్టి, కొంగుతో ముఖము కప్పుకొనుట చూచి పట్నవాసులు నవ్వుదురు. ఆమె చేయునది శాస్త్రసమ్మతము. సన్‌స్క్రీను కొనగలవారు కొనవచ్చును. కొనలేనివారికి ఆ కొంగే గొప్ప రక్ష.

అలంకారమునకు మేము శత్రువులము కాము. ప్రైమరు అను లేపనములో డైమెథికోను వంటి సిలికోను ద్రవ్యములుండును. అవి పల్లములలో నిండి చర్మమును నున్నగా చూపును. దానిపై అద్దు సన్నని పొడి వెలుతురును చెదరగొట్టి నీడలను మాపును. పెండ్లినాడు, పండుగనాడు ఈ మాయ ముచ్చటయే. రాత్రి కడిగికొన్న బావులన్నియు ఎప్పటివలెనే యుండును. మన ఊళ్లలో చిందు భాగవతులు ముఖమునకు రంగు పూసికొని రాత్రియంతయు రాజులై ఆడి, తెల్లవారి కడిగికొందురు. ఆ రంగును వారు మందని ఎన్నడును చెప్పలేదు. వేషమును వేషమని అమ్మువానితో మాకు తగవు లేదు. వేషమును చికిత్సయని అమ్మువానితోనే తగవు.

ఈ భేదమును చట్టమెఱుగును. 1940 నాటి ఔషధచట్టములో 1962లో సవరణ చేసి సౌందర్యద్రవ్యములను చేర్చినారు. శుభ్రపఱచుటకు, అందము పెంచుటకు, రూపమును మార్చి చూపుటకు పూయునది సౌందర్యద్రవ్యము; రోగమును మాన్పుట ఔషధము పని. 2020 నాటి సౌందర్యద్రవ్యముల నియమావళి, కొనువానిని మోసపుచ్చు మాటలను నిషేధించినది. వర్తకుడు గడుసువాడు. "రంధ్రములు మాయము" అని పెద్ద అక్షరములతో వ్రాసి, "కనబడుట తగ్గును" అని చీమతలకాయ లంతటి అక్షరములతో క్రింద వ్రాయును. పెద్ద అక్షరము సొమ్ము తెచ్చును. చిన్న అక్షరము న్యాయస్థానమున కాపాడును.

ఇతరదేశములవారు ఇట్టివానిని చూచి ఊరకుండలేదు. 2011లో బ్రిటనులో ప్రకటనల విచారణసంస్థ, లోరియాల్ కంపెనీవారి లాంకోమ్, మేబెలిన్ ముఖలేపనముల ప్రకటనలను రెంటిని నిలిపివేసినది. చిత్రములను యంత్రముతో ఎంతవఱకు దిద్దిరో, మందు చేసిన పని ఎంతయో కంపెనీవారు ఋజువు చేయలేకపోయినారు. ఫ్రాన్సులో 2017 నుండి, దేహాకారమును దిద్దిన ప్రకటనచిత్రముపై ఆ సంగతి వ్రాయవలెనని నిర్బంధము. నార్వేలో 2022 నుండి ఇట్టి నియమమే అమలునకు వచ్చినది. అచ్చటివారు అడిగిన ప్రశ్నను మనమేల అడుగరాదు? మన ఆడపడుచుల ముఖములు అంత చౌకయా?

ఈ వ్యాపారపు పూర్వచరిత్రను తలచుకొనుడు. 1975లో హిందూస్థాన్ లీవరు కంపెనీ "ఫెయిర్ అండ్ లవ్లీ" లేపనమును దేశమున దింపినది. నల్లని మేనిచాయ నేరమనియు, తెలుపే అదృష్టమనియు ఏండ్లతరబడి ప్రకటనలు బోధించినవి. 2005లో ఇమామీ కంపెనీవారు పురుషులకు ప్రత్యేకముగా "ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్" తెచ్చిరి. లోకమున వర్ణభేదముపై నిరసన చెలరేగిన 2020లో "ఫెయిర్" అను మాట పోయి మొదటి లేపనము "గ్లో అండ్ లవ్లీ" ఆయెను. డబ్బిపై మాట మాఱినంతమాత్రమున మనస్సులో నాటిన న్యూనత మాఱునా? రంగును నిందించుటకు నోరు చాలని నాడు రంధ్రమును నిందించుట లాభకరమైనది. నల్లనివారు కొందఱుందురు, తెల్లనివారు కొందఱుందురు. రోమకూపములు లేనివారు లేరు. వర్తకునికి ఇంతకంటె విశాలమైన అంగడి ఎచ్చట దొరకును?

ధననష్టమొక్కటే యైన ఇంత కఠినముగా వ్రాయకపోదుము. అసలు ప్రమాదము మందుల అంగడిలో నున్నది. గజ్జి, తామర, దద్దురులకని వచ్చు గొట్టములలో బీటామెథాసోను, క్లోబెటసాలు, మొమెటసోను వంటి స్టెరాయిడులు ఉండును. స్నేహితురాలి మాటవినియో, అంగడివాని సలహాచేతనో వీనిని ముఖమునకు పూయువారు దేశమంతట కలరు. మొదటి దినములలో ముఖము తేటగా, నున్నగా కనబడును. ఆ నునుపే ఎర. కొన్నాళ్లకు చర్మము పలుచనై, సన్నని నెత్తుటినాళములు బయటపడును, మొటిమలు విరియబూయును, కొందఱికి ముఖముపై వెండ్రుకలు మొలచును. మానివేసిన ఎఱ్ఱబడి మండును. ఆ మంటకు తాళలేక మరల అదే పూయుదురు. ఇది త్రాగుబోతు కల్లుకుండ కడకు తిరిగి పోవుటవంటిది. భారతదేశపు చర్మవైద్యులు ఈ దురవస్థకు "స్టెరాయిడు పాడుచేసిన ముఖము" అను నర్థముగల పేరు పెట్టి, పలుమాఱు ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనిరి. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడు లేపనములను షెడ్యూల్ హెచ్ క్రిందికి తెచ్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని శాసించినది. శాసనము గెజెటులో నున్నది. అది అంగడి గడప దాటి లోనికి పోయినదా? చీటీ చూపుమని మిమ్ము ఎన్నిమాఱు లడిగిరో మీరే జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇచ్చట స్వదేశాభిమాను లొక మాట అందురు: "ఈ డబ్బాలెందుకు? మన వంటింట నిమ్మకాయ లేదా, సోడా లేదా?" అభిమానము మంచిదే, అజ్ఞానము మాత్రము స్వదేశీయమైనను విషమే. నిమ్మరసము పులుపు చర్మమును కాల్చును. పూసికొని ఎండకు పోయిన మచ్చలు పడవచ్చును. వంటసోడా చర్మమునకు సహజమైన ఆమ్లగుణమును చెఱచును. గరుకుపిండితో బిడ్డ ముఖమును ఎఱ్ఱబడునట్లు తోముట శుభ్రము గాదు, హింస. పలుచని శనగపిండి, చల్లని నీరు కొందఱికి హితము. అందఱి ముఖమునకు ఒకే మందని చెప్పువాడు పట్నమువాడైనను, పల్లెవాడైనను నమ్మదగడు.

పఠనమందిరమున కూర్చుండి, ఇదంతయు స్త్రీల వెఱ్ఱియని నవ్వు పురుషులకును ఒక మాట. పురుషదేహములోని రసములచేత చమురూట హెచ్చు. మీసము దువ్వుకొను ముఖముననే పెద్ద రోమకూపములు ఉండుట సామాన్యము. సంబంధము చూడబోయి, పిల్ల ముఖము నున్నగా లేదని పెదవి విఱచి వచ్చువారు మీరే గదా! ఆ మాట విన్న పిల్ల రాత్రి అద్దము ముందు ఏడ్చి, ఉదయము ఏ గొట్టము కొనునో మీ రాలోచించితిరా? వర్తకుడు విత్తునేగాని, నేల దున్నిపెట్టినది మన నోటిమాటలే.

కాబట్టి చేయవలసిన పనులు చెప్పుదుము. ప్రతి గ్రంథాలయమునందు ఒకనాడు చర్మవైద్యుని పిలిపించి ప్రసంగ మేర్పాటు చేయుడు. మహబూబునగరమున 2016 నుండి, నల్లగొండ, సూర్యాపేటలయందు 2019 నుండి ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. వైద్యుని కొఱకు హైదరాబాదు పరుగెత్త నవసరము లేదు. లేపనపు గొట్టము కొనునపుడు దానిపై నున్న ద్రవ్యముల పేర్లు చదువుడు. చదువురానివారికి చదివి చెప్పుడు. చీటీ లేక స్టెరాయిడు నమ్మువానిపై ఔషధనియంత్రణాధికారికి వ్రాయుడు. మోసపు ప్రకటన కనబడిన జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద ఇట్టి ప్రకటనకు పది లక్షల రూపాయలవఱకును, మరల చేసిన ఏబది లక్షలవఱకును జుల్మానా కలదు. ఆ వస్తువును పొగడిన తారలను సైతము ఆ చట్టము పట్టుకొనగలదు. ఆయుధము చేతనుండి తుప్పు పట్టనిచ్చుట ఎవరి తప్పు?

తల్లులారా, అక్కలారా! మీ ముఖమున నున్నవి గాయములు కావు, లోపములు కావు, సజీవచర్మపు గుఱుతులు. నీరు గల బావికే నోరుండును. అలంకరించుకొనుడు, శుభ్రముగా నుండుడు, ఎండనుండి కాపాడుకొనుడు, సిగ్గుపడకుడు. కఱవుసీమలో బావిని కాచుకొన్న జాతి బిడ్డలము. పూడ్చవచ్చినవానిని గడపలోనే నిలిపి, నీ చేతనున్న డబ్బిలో ఏమున్నదని అడుగుట మన కెవరును నేర్పవలసిన పని లేదు.